స్పీడు ఉన్నా మాట ఎందుకు ఆగుతుంది?

స్పీడ్ టెస్టు పెడితే వంద ఎంబీపీఎస్ చూపిస్తోంది. సినిమా ఎక్కడా ఆగకుండా ఆడుతోంది. అయినా ఉదయం మీటింగులో మీ పేరు పిలిచాక, మీరు "ఉన్నాను సార్" అన్న మాట అవతలికి చేరేసరికి వాళ్లు ఇంకొకరిని పిలిచేశారు. రాత్రి డల్లాస్‌లో ఉన్న కొడుకుతో మాట్లాడుతుంటే ఇద్దరూ ఒకేసారి మొదలుపెట్టడం, ఇద్దరూ ఒకేసారి ఆగిపోవడం. "నువ్వు చెప్పు నాయనా." "లేదమ్మా, నువ్వే చెప్పు." సగం సమయం దీనికే సరిపోతోంది. మీ ఇంట్లోనూ ఇదే తంతా?

అయితే ఈ అధ్యాయం మీ కోసమే. పావగడ పట్టణంలో, తిరుమణిలో, వై.ఎన్. హొసకోటలో, నాగలమడకలో ఉండి ఇంటర్నెట్ మీద పని నడుపుకునేవాళ్లను మనసులో పెట్టుకుని రాస్తున్నాను. ఇంట్లో కూర్చుని బెంగళూరు కంపెనీకి పనిచేసే అమ్మాయి, వీడియో కాల్‌లో పట్టుచీర విప్పి చూపించి అమ్ముకునే నేతన్న, ఆన్‌లైన్ వైద్య సేవ ఈ-సంజీవనిలో డాక్టరుకు తల్లి ఆయాసం గురించి చెప్పుకునే కొడుకు. ముగ్గురి పనులూ వేరు, ఇబ్బంది ఒకటే. మాట వెళ్లాల్సిన వేళకు వెళ్లడం లేదు.

ఇలాంటప్పుడు చాలామంది చేసే మొదటి పని ఇంకా పెద్ద ప్లాన్ కొనడం. దయచేసి ఆగండి. ఆలస్యానికి కారణం చాలాసార్లు మీ ఇంటి గోడల మధ్యే ఉంటుంది. దాన్ని మీరే, ఇంజనీరింగ్ చదవకపోయినా, సరిచేసుకోగలరు.

ఎంత ఆలస్యమైతే ఎక్కువ?

అంతర్జాతీయ టెలికాం సంస్థ ఐటీయూ దీనికి ఒక కొలత ఇచ్చింది. మీ నోటి నుంచి బయల్దేరిన మాట అవతలి చెవికి 150 మిల్లీసెకన్ల లోపు చేరితే సంభాషణ హాయిగా సాగుతుంది. 400 దాటితే మాట్లాడుకోవడమే కష్టం. సెకనులో వెయ్యో వంతు ఒక మిల్లీసెకను. అంటే మీ చేతిలో ఉన్న గడువు సెకనులో సుమారు ఏడో వంతు మాత్రమే.

ఇప్పుడు దూరం లెక్క చూడండి. ఫైబర్ తీగలో వెలుగు ఒక్క మిల్లీసెకనులో సుమారు 200 కిలోమీటర్లు పరుగెడుతుంది. పావగడ నుంచి బెంగళూరు దాదాపు 150 కిలోమీటర్లు. మిల్లీసెకను కూడా పట్టదు! డల్లాస్ 15 వేల కిలోమీటర్లనుకున్నా 75 మిల్లీసెకన్లు. తీగ తిన్నగా పోదు కాబట్టి ఇంకొంత కలపండి. అయినా గడువు లోపే ఉంటుంది.

మరి బెంగళూరు మీటింగులో మీ మాటకు అదనంగా పట్టిన సెకన్లు ఎక్కడ పోయాయి? దూరంలో పోలేదు, వరుసలో పోయాయి.

శ్రావణ శనివారం పావగడ శనిమహాత్మ గుడికి వెళ్లారనుకోండి. దర్శనం క్షణాల పని. మీరు గంటల తరబడి నిలబడేది మీ ముందు ఉన్న జనం వల్ల. మీ ఇంటి రౌటరులోనూ ఇలాంటి వరుసే ఉంది. మీ మాట 20 మిల్లీసెకన్లకో చిన్న ముక్కగా, సెకనుకు 50 ముక్కలుగా బయల్దేరుతుంది. ఆ ముక్కలు మీ తమ్ముడి ఫోను పంపుతున్న పెళ్లి ఫొటోల వెనక నిలబడతాయి. ఫొటో పది నిమిషాలు ఆలస్యంగా చేరితే ఎవరికీ నష్టం లేదు. మాట ఒక్క సెకను ఆలస్యమైతే ఇక అది పనికిరాదు. అయినా రౌటరుకు ఆ తేడా తెలియదు. మీరు చెప్పాలి.

1. ముందు ఏది తొందర, ఏది కాదు అని విడదీయండి

ఈ పని ఎంత శ్రద్ధగా చేయాలో తెలుసుకోవాలంటే మన తాలూకాలోనే చూడవచ్చు. తిరుమణి, వళ్లూరు, బాలసముద్ర, క్యాతగానచెర్లు, రాయచెర్లు ఊళ్ల భూముల్లో, సుమారు 13 వేల ఎకరాల్లో ఉన్న సోలార్ పార్కు సామర్థ్యం 2,050 మెగావాట్లు. అంత కరెంటును మోసే సబ్‌స్టేషన్లలో లైనులో తేడా వస్తే "బ్రేకర్ తెరువు" అన్న సందేశం ఎంతలో అందాలి? సబ్‌స్టేషన్ల కోసం ఉన్న ఐఈసీ 61850 ప్రమాణం అత్యవసర సందేశానికి ఇచ్చిన గడువు 3 మిల్లీసెకన్లు. మన కరెంటు సెకనుకు 50 ఆవృత్తులు తిరుగుతుంది, ఒక్కోదానికి 20 మిల్లీసెకన్లు. అందులో ఆరో వంతు కూడా లేదు ఈ గడువు. అందుకే ఇలాంటి సందేశాన్ని వైఫైకి వదిలిపెట్టరు, తీగలో పంపుతారు. ప్యానెల్ ఎంత వేడెక్కింది, ఎండ ఎంత పడింది అన్న లెక్కలు నాలుగు సెకన్లు ఆగి వచ్చినా ఫర్వాలేదు, వాటిని అలాగే చూస్తారు.

మీరూ ఒక కాగితం తీసుకుని రెండు వరుసలు రాయండి. ఫోన్ మాట, వీడియో కాల్, ఆన్‌లైన్ పరీక్ష, డాక్టరుతో మాట్లాడటం: ఇవి ఆగలేనివి. ఫొటోల బ్యాకప్, యాప్ అప్‌డేట్లు, సీసీ కెమెరా క్లౌడుకు పంపే వీడియో, సినిమా డౌన్‌లోడ్: ఇవి ఆగగలిగినవి. యూట్యూబు, సినిమా యాప్‌లు కొన్ని సెకన్ల సరుకు ముందే దాచుకుని ఆడతాయి కాబట్టి వాటిని కూడా రెండో వరుసలోనే రాయండి. సినిమా బాగా ఆడుతోంది కాబట్టి నెట్ బాగుంది అనుకోవడం ఎందుకు పొరపాటో ఇప్పుడు అర్థమైందా?

రెండో వరుసలో ఎన్ని ఉన్నాయో చూస్తే మీకే ఆశ్చర్యం వేస్తుంది. మిగతా అధ్యాయమంతా ఆ రెండో వరుసను పక్కకు జరిపే పనే.

2. కొలవకుండా దేన్నీ ముట్టుకోకండి

"నెట్ స్లో" అనేది రోగం పేరు కాదు. ఆలస్యం మీ వైఫైలో ఉందా, బయటి లైనులో ఉందా అన్నది తేల్చాలి. దానికి పది నిమిషాలు చాలు.

కంప్యూటరులో కమాండ్ ప్రాంప్ట్ తెరవండి. పింగ్ అన్న ఆదేశం ఇచ్చి, ఖాళీ వదిలి మీ రౌటర్ చిరునామా కొట్టండి. చాలా ఇళ్లలో అది 192.168.1.1 లేదా 192.168.0.1. చివర మైనస్ టి అని చేర్చితే మీరు ఆపేదాకా కొలుస్తూనే ఉంటుంది. ఇంకో కిటికీ తెరిచి అదే ఆదేశం 8.8.8.8 కు ఇవ్వండి, అది బయట ఉన్న గూగుల్ సర్వరు. రెండు కిటికీలూ పక్కపక్కన పెట్టుకోండి. ఇంట్లో ఎవరూ నెట్ వాడనప్పుడు రెండు నిమిషాలు చూసి, తర్వాత ఫోనులోంచి ఒక పెద్ద వీడియోను అప్‌లోడ్‌కు పెట్టి మళ్లీ చూడండి.

మొదటి కిటికీలో 2, 3, 5 మిల్లీసెకన్ల దగ్గర నిలకడగా ఉండి, అప్‌లోడ్ మొదలవగానే రెండో కిటికీ మాత్రం 30 నుంచి 800కు ఎగబాకిందా? మీ వైఫై బాగానే ఉంది, లైను ముఖద్వారంలో వరుస పేరుకుంది. మీకు కావాల్సింది ఐదో సూచన. మొదటి కిటికీలోనే 3, 90, 7, 240 అంటూ అంకెలు ఎగిరిపడుతున్నాయా? తప్పు మీ గాలిలో ఉంది. మూడు, నాలుగు సూచనలు మీకు. ఎవరూ వాడకపోయినా రెండో కిటికీ ఎప్పుడూ 300 మీదే ఉంటే, ఆ అంకెలు రాసిపెట్టుకుని కంపెనీకి ఫిర్యాదు చేయండి. "నెట్ స్లోగా ఉంది" అంటే పట్టించుకోని చోట అంకెలు చూపిస్తే పని జరుగుతుంది.

కంప్యూటర్ లేదా? ఫోనులో ఫాస్ట్ డాట్ కామ్ తెరిచి వివరాల బటన్ నొక్కండి. ఖాళీగా ఉన్నప్పటి ఆలస్యం, బరువు పడ్డప్పటి ఆలస్యం విడివిడిగా చూపిస్తుంది. రెండింటికీ మధ్య తేడా ఎంత పెరిగితే మీ ఇంట్లో వరుస అంత పొడుగు.

ఒక్క మాట గుర్తుంచుకోండి. సగటు ఒక్కటే చూసి సంతోషపడవద్దు. ఎప్పుడూ 80 ఉండే లైను, ఒకసారి 20, ఒకసారి 200 ఉండే లైను కన్నా మాటకు మంచిది. ముక్కలు హెచ్చుతగ్గులుగా వస్తుంటే కాల్ యాప్ వెనకబడ్డ ముక్క కోసం కాచుకుని, మొత్తం మాటనే ఆలస్యం చేస్తుంది.

3. కదలని వస్తువుకు తీగ వేయండి

అన్నిటికన్నా చవకైన మందు ఇదే, జనం అన్నిటికన్నా తక్కువగా వాడేదీ ఇదే. ల్యాన్ కేబుల్ 100 మీటర్ల దాకా పనిచేస్తుంది. మీ హాలు నుంచి పడకగదికి పదిహేను మీటర్లు దాటదు.

"నేను ఫోనులో మాట్లాడతాను, ఫోనుకు తీగ ఎలా వేసేది?" అంటారా. వేయనక్కర్లేదు. టీవీకి వేయండి, సీసీ కెమెరాకు వేయండి. వైఫైలో ఒకసారికి ఒకరే మాట్లాడగలరు. ప్రతి పరికరమూ ముందు గాలిని విని, ఖాళీగా ఉంటే కాసేపు కాచుకుని, అప్పుడు పంపుతుంది. టీవీ తీగ మీదికి వెళ్లిపోతే ఆ మేర గాలి మీ ఫోనుకు ఖాళీ అవుతుంది.

ఫోను హాట్‌స్పాట్ మీద ల్యాప్‌టాప్ నడిపేవాళ్లు వైఫై హాట్‌స్పాట్ బదులు యూఎస్‌బీ తీగతో కలపండి. ఒక వైఫై మజిలీ తగ్గిపోతుంది, ఫోను ఛార్జింగూ నిలుస్తుంది. ఇంటర్వ్యూ రోజున ఈ ఒక్క మార్పు చేసినా ఫలితం కనిపిస్తుంది.

4. గాలిని శుభ్రం చేయండి

మన పక్క పాత మిద్దె ఇళ్లకు రాతి గోడలుంటాయి. వేసవిలో చల్లగా ఉంటాయి, కానీ వైఫైకి గట్టి అడ్డు. రౌటరును బీరువా మీదో, టీవీ వెనకో, ఇనప అలమారులోనో పెడతారు, దుమ్ము పడకూడదని. దాన్ని బయటికి తీయండి. మీరు కూర్చుని పనిచేసే చోటుకు, రౌటరుకు మధ్య ఒక్క గోడ కన్నా ఎక్కువ ఉండకుండా, ఛాతీ ఎత్తులో పెట్టండి.

రౌటరులో రెండు బ్యాండ్లు ఉంటాయి. 2.4 గిగాహెర్ట్జ్ గోడ దాటుతుంది గానీ రద్దీ ఎక్కువ. 5 గిగాహెర్ట్జ్ రద్దీ తక్కువ గానీ రాతి గోడ దగ్గర నీరసపడిపోతుంది. రెండింటికీ వేరువేరు పేర్లు పెట్టండి. పని చేసే ల్యాప్‌టాప్‌ను అదే గదిలోని 5 మీద, దూరంగా ఉన్న తొందర లేని వస్తువులను 2.4 మీద ఉంచండి. ఒకే పేరు పెట్టి వదిలేస్తే ఎక్కడ చేరాలో ఫోను తన ఇష్టం వచ్చినట్టు తేల్చుకుంటుంది.

ఇక చాలామందికి తెలియని సంగతి. పెరట్లో ఎక్కడో మూల నుంచి బలహీనంగా అందుకుంటున్న ఫోను ఒక్కటి చాలు, ఇంటి వైఫై మొత్తాన్ని మందగించేలా చేయడానికి. 1,500 బైట్ల ముక్కను 1 ఎంబీపీఎస్ దగ్గర పంపడానికి 12 మిల్లీసెకన్లు పడుతుంది. అదే ముక్క 54 దగ్గర మిల్లీసెకనులో నాలుగో వంతు కూడా పట్టదు. ఆ 12 మిల్లీసెకన్లూ మిగతా అందరూ నోరు మూసుకుని కాచుకోవాల్సిందే. కాబట్టి దూరంగా ఉన్న ఫోనులో పాట డౌన్‌లోడ్ అవుతుంటే దగ్గర కూర్చున్న మీ మీటింగు ఆగుతుంది. ఆ ఫోనును దగ్గరికి తెచ్చుకోమనండి, లేదా మీటింగు సేపు మొబైల్ డేటాకు మారమనండి.

పావగడ బజారు వీధిలో దుకాణం ఉందా? చుట్టుపక్కల రౌటర్లు ఎన్నో. 2.4 బ్యాండులో ఒకదాని మీద ఒకటి పడని ఛానెళ్లు మూడే: 1, 6, 11. ఫోనులో వైఫై అనలైజర్ యాప్ పెట్టి మూడింటిలో తక్కువ రద్దీ ఉన్నదాన్ని ఎంచుకోండి, వెడల్పు 20 మెగాహెర్ట్జ్ దగ్గర ఉంచండి. "3వ ఛానెల్‌లో ఎవరూ లేరు, అక్కడికి పోదాం" అనుకోవడం తప్పు. అక్కడ 1లో ఉన్నవాళ్ల గోల, 6లో ఉన్నవాళ్ల గోల రెండూ వినాలి. ఒకే ఛానెల్‌లో ఉన్న రౌటర్లు ఒకరినొకరు విని వంతులు వేసుకుంటాయి, సగం సగం కలిసినవాటికి ఆ వంతులు కుదరవు.

చవక రిపీటర్ గురించి కూడా చెప్పాలి. ఒకే రేడియోతో విని, అదే రేడియోతో తిరిగి చెప్పే పెట్టె అది. సిగ్నల్ గీతలు నిండుగా కనిపిస్తాయి, ఆలస్యం పెరుగుతుంది. ఆ డబ్బుకు కేబుల్ కొని, అటు చివర పాత రౌటరును యాక్సెస్ పాయింటుగా పెట్టుకోండి.

5. వరుసను తెగ్గొట్టండి

తిరుమణిలో ఒక ఇల్లు అనుకోండి. అక్క గదిలో కూర్చుని కంపెనీ పని చేస్తుంది. తమ్ముడు రాత్రి పెళ్లి నుంచి వచ్చి, ఉదయం లేచి ఫోను ఛార్జింగుకు పెట్టి స్నానానికి వెళ్లాడు. ఫోను ఛార్జింగులో ఉంది, వైఫై ఉంది. ఇంకేం, మూడు వందల ఫొటోలు, నలభై వీడియోలు క్లౌడుకు బయల్దేరాయి. సరిగ్గా పది గంటలకు అక్క మీటింగు.

"నా మాట వినపడతాందా సార్?"

వినపడదు. ఎందుకో లెక్క వేద్దాం. అప్‌లోడ్ వేగం 5 ఎంబీపీఎస్. రౌటరు పెట్టెలో వరుస కోసం ఒక మెగాబైట్ చోటుంది, అది ఫొటోలతో నిండింది. ఒక మెగాబైట్ అంటే 8 మెగాబిట్లు. ఐదుతో భాగిస్తే 1.6 సెకన్లు. అక్క పలికిన ప్రతి మాటా అంతసేపు కాచుకుని బయటపడుతోంది. డౌన్‌లోడ్ వంద కాదు, మూడు వందలున్నా ఇందులో మార్పు రాదు, ఎందుకంటే ఇరుకు అప్‌లోడ్‌లో ఉంది. గాలి ద్వారా వచ్చే 4జీ, 5జీ ఇంటి కనెక్షన్లలో అప్‌లోడ్ వేగం డౌన్‌లోడ్ కన్నా బాగా తక్కువ, కాబట్టి ఈ బాధ వాళ్లకే ఎక్కువ.

మెమరీ చిప్పులు చవకయ్యాక పరికరాల్లో పెద్దపెద్ద వరుసలు పెట్టేశారు, ఏ ముక్కా పోకూడదని. ఏదీ పోకుండా చూసుకోబోయి అన్నిటినీ ఆలస్యం చేశారు. 2012లో క్యాథ్లీన్ నికోల్స్, వాన్ జేకబ్‌సన్ దీనికొక విరుగుడు ప్రకటించారు. ముక్కలు వరుసలో 5 మిల్లీసెకన్లకు మించి నిలబడే స్థితి కొనసాగుతుంటే కొన్నింటిని వదిలేయాలి. వదిలేయగానే అవతల ఫొటోలు పంపే ఫోను దాన్ని గమనించి వేగం తగ్గించుకుంటుంది. తర్వాత దీనికి ఒక్కొక్కరికి ఒక్కో వరుస అన్న ఏర్పాటు కలిపి ఎఫ్‌క్యూ-కోడెల్ తయారుచేశారు, 2018లో అది ఆర్‌ఎఫ్‌సీ 8290 పత్రంగా వెలువడింది. నా అభిప్రాయంలో ఇంటి నెట్‌వర్కులకు గత ఇరవై ఏళ్లలో జరిగిన మేళ్లలో ఇంతకు మించింది లేదు. ఉచితం కూడా.

మీరు చేయాల్సింది ఇదీ. రౌటర్ సెట్టింగుల్లో ఎస్‌క్యూఎం, స్మార్ట్ క్యూ, క్యూఓఎస్ లాంటి పేరుతో ఏదైనా ఉందేమో చూడండి. ఉంటే ఆన్ చేసి, అక్కడ అడిగే వేగం దగ్గర మీ ప్లాన్ అంకె రాయకండి! మీరు కొలిచిన అప్‌లోడ్‌లో 85 నుంచి 90 శాతం రాయండి. 5 వస్తుంటే 4.3 చాలు. అప్పుడు వరుస కంపెనీ పెట్టెలో కాకుండా మీ రౌటరులో, మీ అదుపులో ఏర్పడుతుంది. గాలి కనెక్షనైతే వేగం పూటపూటకూ మారుతుంది కాబట్టి సాయంత్రం రద్దీలో వచ్చిన తక్కువ అంకెను ఆధారం చేసుకోండి. తర్వాత రెండో సూచనలోని పరీక్ష మళ్లీ చేయండి. 800 ఉన్న చోట 40, 50 కనిపిస్తే అక్క మీటింగు బాగుపడినట్టే.

కంపెనీ ఇచ్చిన పెట్టెలో ఈ సౌకర్యం లేకపోతే? దాని వెనక మీ సొంత రౌటరు ఒకటి తగిలించుకోవచ్చు. ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఎక్కే రౌటరైతే ఎస్‌క్యూఎం దొరుకుతుంది. అదీ వద్దనుకుంటే కనీసం ఈ మూడూ చేయండి: ఫొటోల బ్యాకప్‌ను ఆపి, రాత్రి పడుకోబోయే ముందు మాత్రం ఆన్ చేయండి, సీసీ కెమెరా రికార్డింగును మెమరీ కార్డుకు మార్చండి, కంప్యూటర్ అప్‌డేట్లకు పని వేళలు కాని సమయం పెట్టండి. తమ్ముణ్ని తిట్టనక్కర్లేదు, అతని ఫోనులో ఒక్క మీట మారిస్తే చాలు.

6. డబ్ల్యూఎంఎం మీటను ఆపకండి

వైఫైలో మాట, వీడియో, మామూలు సరుకు, నిదానం సరుకు అని నాలుగు తరగతులు 2005లో వచ్చిన 802.11ఈ ప్రమాణం నుంచే ఉన్నాయి. మాట తరగతికి కాచుకునే సమయం తక్కువ. రౌటరులో దాని పేరు డబ్ల్యూఎంఎం. "అది తీసేస్తే స్పీడు పెరుగుతుంది" అని ఎవరైనా సలహా ఇస్తే వినకండి. అది లేకపోతే వైఫై పాత 54 ఎంబీపీఎస్ పద్ధతికి పడిపోతుంది. అలాగే ఇంట్లో ఉన్న ప్రతి పరికరానికీ "హై ప్రయారిటీ" ఇచ్చేవాళ్లున్నారు. అందరికీ ఇస్తే ఎవరికీ ఇవ్వనట్టే. పని చేసే ల్యాప్‌టాప్ ఒక్కదానికి ఇవ్వండి.

7. టవరు మీద బతికేవాళ్లకు

ఫైబర్ రాని పల్లెలో ఫోనే దిక్కు. ముందు ఇది తెలుసుకోండి: తొందర ఉన్న మాటకు వాట్సాప్ కాల్ కన్నా మామూలు కాల్ మేలు. 4జీలో మామూలు కాల్, అంటే వోల్టీ, నెట్‌వర్కులో ప్రత్యేక దారిలో పోతుంది. ఆ దారికి ప్రమాణాల్లో రాసిన గడువు 100 మిల్లీసెకన్లు, దానికంటూ వేగం కేటాయించి ఉంటుంది. వాట్సాప్ మాట ఊళ్లోవాళ్లు చూస్తున్న రీల్స్‌తో కలిసి మామూలు డేటాలో పోతుంది, అక్కడ గడువు 300. సాయంత్రం ఏడు తర్వాత టవరు కిక్కిరిసినప్పుడు ఈ తేడా బాగా తెలుస్తుంది. అమ్మకు ఆయాసంగా ఉందని పావగడలో డాక్టరుకు చెప్పాలంటే నంబరు కొట్టి మామూలుగా ఫోన్ చేయండి.

పావగడ తాలూకాకు మూడు వైపులా ఆంధ్రప్రదేశే. నాగలమడక లాంటి సరిహద్దు ఊళ్లలో ఫోను ఒకసారి కర్ణాటక టవరును, ఇంకోసారి ఆంధ్ర టవరును పట్టుకుంటుంది. టెలికాం సర్కిళ్లు వేరు కాబట్టి మారేటప్పుడు కాల్ తెగే అవకాశం ఉంది. డేటా రోమింగ్ ఆపి ఉంటే నెట్ మొత్తం ఆగిపోవచ్చు, సిగ్నల్ గీతలు మాత్రం నిండుగా కనిపిస్తాయి! మీ ఊరు అంచున ఉంటే డేటా రోమింగ్ ఆన్‌లో పెట్టండి. ఒకే చోట కూర్చుని ముఖ్యమైన మీటింగు చేసేటప్పుడు నెట్‌వర్క్ ఎంపికను ఆటోమేటిక్ నుంచి మాన్యువల్‌కు మార్చి, బాగా అందే నెట్‌వర్కునే పట్టుకునేలా చేయండి. ఊరు దాటే ముందు మళ్లీ ఆటోమేటిక్‌కు తెచ్చుకోవడం మరిచిపోవద్దు.

గుట్టలు మన చుట్టూ ఉన్నాయి, గుట్ట చాటున సిగ్నల్ సన్నగిల్లుతుంది. సిగ్నల్ సన్నగిల్లితే పోయిన ముక్కలను ఫోను మళ్లీ మళ్లీ పంపాలి, అదంతా ఆలస్యమే. మిద్దె మీద నాలుగు మూలలా నిలబడి ఫాస్ట్ డాట్ కామ్‌లో ఆలస్యం అంకె చూడండి. గీతలు ఎక్కడ ఎక్కువున్నాయని కాదు, ఆలస్యం ఎక్కడ తక్కువుందో ఆ మూలే మీది. బ్యాటరీ సేవర్ ఆపేయండి.

8. మోయాల్సిన బరువు తగ్గించండి

వై.ఎన్. హొసకోటలో నేతన్న వీడియో కాల్‌లో చీర చూపిస్తున్నాడు. అవతలి అమ్మ "ఆ అంచు ఇంకోసారి చూపించండి" అంటుంది. ఆ మాట ఇక్కడికి చేరేసరికి చీర మడతపడింది, ఇంకోటి విప్పుకుంది. "ఏ అంచమ్మా?" రెండుసార్లు ఇలా జరిగితే కొనే మనసు పోతుంది.

ఇక్కడ ఉపాయం సులభం. మంచి వెలుగులో తీసిన చీర ఫొటోలు కాల్‌కు ముందే పంపేయండి, అవి నిదానంగా చేరతాయి. కాల్‌లో వీడియో నాణ్యత తగ్గించండి, ధర మాట్లాడే వేళకు వీడియో ఆపి మాట మాత్రం ఉంచండి. మాటకు వంద కేబీపీఎస్ కూడా అక్కర్లేదు, వీడియోకు దానికి ఎన్నో రెట్లు కావాలి. ఆఫీసు మీటింగులోనూ అంతే. మీ వంతు మాట్లాడేటప్పుడు కెమెరా ఆపేస్తే ఎవరూ తప్పుపట్టరు, మాట తెగితేనే విసుక్కుంటారు.

బ్లూటూత్ ఇయర్‌ఫోన్ కూడా ఆలస్యం కలుపుతుందని తెలుసా? కొన్ని పదుల మిల్లీసెకన్లు, కొన్నింటిలో వంద దాటి. పైగా అది పనిచేసేది రద్దీగా ఉండే 2.4 గిగాహెర్ట్జ్‌లోనే. ముఖ్యమైన కాల్‌కు తీగ ఉన్న ఇయర్‌ఫోన్ వాడండి.

9. కరెంటు

కరెంటు క్షణం పోయి వచ్చినా రౌటరు, ఫైబర్ పెట్టె లేచి నిలబడడానికి నిమిషాలు పడుతుంది. రెండింటికీ కలిపి 12 వోల్టుల మినీ యూపీఎస్ ఒకటి పెట్టండి. రెండు పెట్టెల వోల్టేజీ, ఆంపియర్లు అడుగున రాసి ఉంటాయి, చూసి కొనండి.

ఇవన్నీ ఒకే రోజు చేయకండి. ఒకటి మార్చి, పింగ్ చూసి, అంకె రాసుకుని, తర్వాతది మార్చండి. ఒకేసారి నాలుగు మారిస్తే ఏది పనిచేసిందో తెలియదు, తర్వాత ఏదైనా చెడితే ఎక్కడ వెతకాలో తెలియదు. రేపే ఇంటర్వ్యూ ఉండి ఇవన్నీ చేసే తీరిక లేదంటారా? ఈ రాత్రి ల్యాప్‌టాప్‌కు కేబుల్ వేయండి, ఇంట్లో అందరి ఫోన్లలో ఫొటోల బ్యాకప్ ఆపండి, తీగ ఇయర్‌ఫోన్ వెతికి పెట్టుకోండి. ఇంటర్వ్యూ గండం గడిచాక తీరిగ్గా రెండో సూచన దగ్గర మొదలుపెట్టండి. కొలిచిన అంకెలు మాత్రం పారేయకండి, ప్లాన్ పెంచాలా వద్దా అన్నది వాటిని చూసే తేల్చుకోండి.